కళల కొలువుకు ఎదురు సలహాలు

మెదక్‌లో ఈ మధ్య కొందరు పిల్లలు ఒక మాట అడుగుతున్నారు. పాట వచ్చు, డప్పు వచ్చు, డిగ్రీ కూడా ఉంది. కానీ వేదిక ఎక్కడం కన్నా వేదిక వెనక పనే ఇష్టం అంటున్నారు. కళాకారులను వెతకడం, ఊరితో మాట్లాడటం, ఆట పెట్టించడం, డబ్బు సమకూర్చడం, చివరికి లెక్క అప్పగించడం. దీన్నే బతుకుతెరువు చేసుకోవచ్చా అని వాళ్ళ ప్రశ్న.

చేసుకోవచ్చు. కానీ ఈ దారిలో దిగినవాళ్ళకు పెద్దలు చెప్పే సలహాలు దాదాపు ఒక్కటే తీరు: సంఘం పెట్టు, లెటర్‌ప్యాడ్ కొట్టించు, పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలువు, ఫ్లెక్సీ కట్టు, గ్రాంటుకు దరఖాస్తు పెట్టు, కుదరకపోతే హైదరాబాదు వెళ్ళు. ఈ వరసలో నడిచి రెండేళ్లకే అలసిపోయినవాళ్ళు మన జిల్లాలో తక్కువేమీ కాదు. అందుకే ఈ వరసను తిరగేసి చెబుతున్నాను. వినగానే మొండి సలహాలు అనిపిస్తాయి. ప్రతి ఒక్కటీ నమ్మే చెబుతున్నాను.

1. ఇప్పుడే సంఘం రిజిస్టర్ చేయించకండి

ఏడుగురు సభ్యులుంటే చాలు, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పుడుతుంది. పుట్టించడం తేలిక. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా, లెక్కలు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లో నమోదు, విరాళాలకు పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు. ఇవన్నీ ఒకటి తర్వాత ఒకటి తలుపు తడతాయి. లెక్కలు దాఖలు చేయని సంఘం చేతిలో ఉండటం కన్నా సంఘమే లేకపోవడం మేలు. ఎందుకంటే రేపు నిజంగా సాయం అడిగినప్పుడు ఆ ఖాళీ ఏళ్లే మీకు అడ్డం నిలుస్తాయి.

కేంద్ర పథకాలకు మూడేళ్ల వయసున్న సంఘం కావాలి కదా, ముందే పెట్టుకుంటే పోలేదా అంటారు. మూడేళ్లు గడిచిన కాగితం వేరు, మూడేళ్లు పని చేసిన సంఘం వేరు. దరఖాస్తు చూసేవాళ్ళు అడిగేది ఆ మూడేళ్లలో ఏం చేశారని.

ముందు ఉన్న కమిటీల్లో చేరండి. వాడకట్టు బతుకమ్మ, గణేశ్ మండపం, క్రిస్మస్ వేడుక, పీర్ల పండుగ, బడి వార్షికోత్సవం, చిరుతల రామాయణం: ఏదైనా సరే. కుర్చీలు మోయండి, చందా రసీదులు రాయండి. ఎవరి మాట మీద గేటు తెరుచుకుంటుంది, ఎవరికి ఎవరితో పడదు, మైకు సెట్టు అతను ఎవరికి అప్పు ఇస్తాడు, ఆడవాళ్ళు ఏ వేళకు ఇల్లు కదలగలరు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. ఒక సీజన్ అంతా కలిసి పని చేసి, పోట్లాడుకుని కూడా విడిపోని ఏడుగురు దొరికిన రోజున సంఘం రిజిస్టర్ చేయించండి.

2. పాటకన్నా ముందు పద్దు నేర్చుకోండి

కళ మీద ప్రేమ ఉంటే చాలు, లెక్కలు ఎవరైనా చూసుకుంటారు అనే మాట నమ్మకండి. ఆ ‘ఎవరైనా’ ఎవరూ ఉండరు. మీ బాధ్యతలో కళ ఉంది కాబట్టే లెక్క మీ చేతిలో ఉండాలి.

ఒక ఒగ్గు కథ పెట్టించాలనుకోండి. పద్దుల పుస్తకంలో అందరూ రాసే పేర్లు ఇవి: బయానా, జీపు కిరాయి, భోజనాలు, షామియానా, మైకు సెట్టు, కరెంటు, కరపత్రాలు. చాలామంది రాయని పేర్లు మరికొన్ని ఉన్నాయి. డోలు తోలు మార్పించే ఖర్చు, గజ్జెలు, బట్టల ఉతుకు, రిహార్సల్ రోజున కోల్పోయే కూలి, రాత్రి ఆలస్యమైతే మర్నాడు పోయే కూలి. ఈ రెండో జాబితా ఖర్చంతా ఇప్పటిదాకా కళాకారుడి ఇంటి నుంచే పోతోంది. దాన్ని పద్దులోకి ఎక్కించడమే కళల నిర్వాహకుడి మొదటి విద్య.

నియమాలూ చదువుకోండి. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండుగలు, సాంస్కృతిక వేడుకల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. అంటే తెల్లవార్లూ సాగే కథను మైకు పెట్టి నడిపిస్తానని కళాకారులకు మాట ఇవ్వకూడదు. పొద్దుగూకక ముందే మొదలుపెట్టి పదిలోపు ఒక ఘట్టం ముగిసేలా కథకుడితో కూర్చుని మాట్లాడుకోవాలి. మిగతా కథ మర్నాటికి. జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర దాటకపోతే జీఎస్టీ లేదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. ఎవరో పన్ను పేరు చెప్పి కోత పెట్టబోతే మీరు అడ్డుకోగలగాలి.

3. ఆట మొదలుకాక ముందే డబ్బులివ్వండి

ముందే ఇస్తే సరిగా ఆడరు, సగంలో పోతారు అని హెచ్చరిస్తారు. నేను దీనికి పూర్తిగా విరుద్ధం చెబుతున్నాను. మొత్తం డబ్బు ముందే ఇవ్వండి. బృందం అందరి ముందు, నాయకుడి చేతిలో లెక్కపెట్టి ఇవ్వండి. ఎవరి పాలు ఎంతో అందరికీ తెలుస్తుంది. తర్వాత వాళ్ళలో వాళ్ళకు తగువు రాదు.

ఇవ్వకపోతే ఏమవుతుందో ఆట ముగిసిన వేళ నిలబడి చూడండి. జనం లేచిపోతారు. టెంట్ హౌస్ కుర్రాళ్ళు కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతుంటారు. కథకుడు గజ్జెలు విప్పి, కొబ్బరినూనె రాసిన గుడ్డతో ముఖం మీది రంగు తుడుచుకుంటాడు. డోళ్ళకు గుడ్డ చుట్టేస్తారు. జీపు డ్రైవరు రెండుసార్లు హారన్ కొడతాడు. బృందం పెద్ద మాత్రం ఖాళీ వేదిక పక్కన కమిటీ వాళ్ళ కోసం చూస్తూ నిలబడి ఉంటాడు. కమిటీలో డబ్బున్న మనిషి ఇంటికి వెళ్ళిపోయాడని, పొద్దున రమ్మన్నాడని ఎవరో చెబుతారు. రెండు గంటలు రాజై, దేవుడై నిలిచిన మనిషిని మరుక్షణంలో అడుక్కునేవాడిలా నిలబెట్టే పద్ధతి ఇది. ఊళ్ళో ఎవరూ కావాలని చేయరు. అలవాటుగా జరిగిపోతుంది. ఆ అలవాటు మాన్పించడానికే మనకు నిర్వాహకులు కావాలి.

మన మెదక్ చర్చి దగ్గర నిలబడితే ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడాన్ని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపి, కూడు పెట్టి కట్టించాడు. 175 అడుగుల గోపురం, ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన రంగు అద్దాల కిటికీలు చూడటానికి ఈనాడు లోకం వస్తోంది. అందులో ఉన్న కళ ఎంత గొప్పదో, పనివాడి ఆకలి తీర్చిన ఏర్పాటు అంత గొప్పది. మెదక్‌లో కళల నిర్వహణ నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద పాఠం దగ్గర్లో లేదు.

4. శాలువాలు కొనకండి, పింఛను కాగితాలు నింపండి

మీ మొదటి కార్యక్రమం వేదిక మీద జరగనక్కర్లేదు. మీ సేవ కేంద్రం ముందు వరుసలో జరగనివ్వండి.

పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్యకు 2022లో, బుర్రవీణ దాసరి కొండప్పకు, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆనందించాల్సిందే. ఆ పేరు దక్కని వాళ్ళు వందల మంది మన మండలాల్లో ఉన్నారు. వాళ్ళకు సన్మానం కన్నా నెలనెలా వచ్చే సొమ్ము ముఖ్యం. కేంద్ర సాంస్కృతిక శాఖకు అరవై ఏళ్లు దాటిన పేద కళాకారుల కోసం నెలకు 6,000 రూపాయల దాకా ఆర్థిక సాయం చేసే పథకం ఉంది. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు ఇచ్చే పింఛను వేరు.

ఇవి అందకపోవడానికి కారణం చాలాసార్లు కాగితమే. ఊరంతా పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో పేరు ఇంకొకటి, పాస్‌బుక్‌లో ఇంటిపేరు మరొక తీరు. పుట్టిన తేదీ ఎవరో అంచనాగా వేసింది. ఆదాయ ధ్రువపత్రం గడువు దాటింది. కళాకారుడని రుజువు ఏదంటే, నలభై ఏళ్లు ఆడినా ఇంట్లో ఒక్క కరపత్రం ఉండదు. మీరు చేయగలిగింది ఇక్కడే ఉంది. పేర్లు సరిచేయించండి. పాత పేపర్ కత్తిరింపులు, పాత ఫొటోలు వెతకండి. ఆడిన ఊళ్ళ సర్పంచుల దగ్గర ఉత్తరాలు రాయించండి. ఒక్క మనిషికి పింఛను వచ్చేలా చేయండి. ఆ కబురు వాళ్ళ కులంలో, బంధువుల్లో మీకన్నా ముందు నడుస్తుంది. తర్వాత మీరు ఏ ఊరికి వెళ్ళినా తలుపులు తెరుచుకుంటాయి.

5. జనాన్ని హాలుకు పిలవకండి

ఆడిటోరియం లేకపోవడమే మెదక్‌కు లోటని చాలామంది బాధపడతారు. నేను ఆ లోటును లెక్కచేయను. హాలుకు రావాలంటే మంచి బట్టలు కావాలి, తీరిక కావాలి, ఆటో చార్జీ కావాలి, లోపలికి అడుగుపెట్టే ధైర్యం కావాలి. ఈ నాలుగూ ఉన్నవాళ్ళకోసమే పని చేస్తే దాన్ని ప్రజల కళ అనకూడదు.

జనం ఇప్పటికే కూడుతున్న చోటికి మీరు వెళ్ళండి. శివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతరకు మంజీర ఒడ్డున ఎంత జనం వస్తారో మనకు తెలుసు. వారం వారం అంగడి ఉంది. డిసెంబర్‌లో చర్చి ఆవరణ ఉంది. బతుకమ్మ వేళ చెరువు కట్టలున్నాయి. రైల్వే స్టేషన్ కూడా 2022 నుంచి ఉంది. అంగడిలో ఇరవై నిమిషాల గొల్ల సుద్దులు, స్టేషన్ బయట చిన్న కోలాటం, బస్టాండులో బడి పిల్లల పటం కథ: ఇలాంటివి ఖర్చు తక్కువ, చూసేవాళ్ళు ఎక్కువ.

కాలం కూడా జనానిదే. వానకాలం నాట్లప్పుడు, కోతలప్పుడు ఎంత గొప్ప ఆట తెచ్చినా ఖాళీ కుర్చీలే. కళాకారులు కూడా ఆ రోజుల్లో పొలంలోనే ఉంటారు. వెనకటి పెద్దలు భాగోతాలు కోతలైన తర్వాత పెట్టుకున్నది అందుకే. ఇంగ్లిషు క్యాలెండర్ చూసి ‘ప్రపంచ రంగస్థల దినోత్సవం’ మార్చి 27 అని తేదీ ఖరారు చేసే ముందు, యాసంగి వరి ఏ దశలో ఉందో అడిగి తెలుసుకోండి.

6. బాగా ఆడతారని బయటి బృందాన్ని తేకండి

ఇది చాలామందికి కోపం తెప్పించే సలహా. నాణ్యత చూసుకోవాలి కదా అంటారు. ముందు హక్కు చూడండి, తర్వాత నాణ్యత.

తెలంగాణలో చాలా కళలు కులాలతో ముడిపడి ఉన్నాయి. చిందు వాళ్ళు మాదిగలకు, మందెచ్చుల వాళ్ళు గొల్లలకు, కాకిపడగల వాళ్ళు ముదిరాజులకు కథ చెప్పే ఆశ్రిత కళాకారులు. ఏ కుటుంబం ఏ ఊళ్ళలో ఆడాలో తరతరాల హక్కు, అంటే మిరాశీ, ఉంటుంది. మీరు యూట్యూబ్‌లో చూసి మెచ్చుకున్న బృందాన్ని వేరే కుటుంబం మిరాశీ ఊరికి తీసుకెళ్తే, మంచి ఆట చూపించానని మీరు అనుకుంటారు. ఆ ఊరి కుటుంబానికి మాత్రం అన్నం పోతుంది. ఆ తగువు ఏళ్ల తరబడి చల్లారదు.

కాబట్టి ఊళ్ళో అడుగుపెట్టగానే ఇక్కడ ఎవరు ఆడతారు, ఎవరి మిరాశీ అని అడగండి. వాళ్ళ ఆట బలహీనంగా ఉంటే నెలరోజులు సాధనకు డబ్బు సమకూర్చండి. కొత్త బట్టలు కుట్టించండి, ఇంట్లో యువకులను మళ్ళీ డోలు దగ్గర కూర్చోబెట్టండి. బయటి బృందం తప్పనిసరి అయితే స్థానిక కుటుంబాన్ని అడిగి, వాళ్ళకు కూడా పారితోషికం ఇచ్చి, మొదటి ఆట వాళ్ళతో ఆడించండి. అదే సమయంలో ఒక మాట మరవకండి. ఈ మిరాశీలో అన్నం ఉంది, అవమానం కూడా ఉంది. మా పిల్లలు ఈ పని చేయరు అని ఒక కుటుంబం అంటే, ఆ నిర్ణయాన్ని గౌరవించండి.

7. కళను కాపాడతామని బయల్దేరకండి

కాపాడాలనుకున్న క్షణం నుంచి మనం కళాకారుడికి మార్పు నిషేధిస్తాం. పాత బట్టలే వేసుకో, పాత కథే చెప్పు అంటాం.

మన జిల్లా చరిత్ర చూడండి. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు బుర్రకథ బృందం పెట్టి ప్రదర్శనలిచ్చినవాడు. అప్పటి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌కు చెందిన బి. నరసింగరావు హైదరాబాదులో ఆర్ట్ లవర్స్ పెట్టి పాడేవాళ్ళను, బొమ్మలేసేవాళ్ళను, ఆడేవాళ్ళను ఒక చోట కూర్చోబెట్టాడు. విఠల్‌రావు ఆ గుంపులోకి వచ్చాడు. 1972లో విప్లవ కళాబృందం జన నాట్యమండలి వచ్చింది. ఒగ్గు, బుర్రకథ, వీధి భాగోతం బాణీలు కొత్త మాటలతో, గోచీ, గొంగడి, కర్రతో కొత్త రూపం ఎత్తాయి. విఠల్‌రావు గద్దర్ అయ్యాడు. కృషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన ‘మా భూమి’ సినిమాకి నరసింగరావు నిర్మాతల్లో ఒకరు. చిత్రీకరణ మన జిల్లా మంగళపర్తిలో జరిగింది.

ఆ రాజకీయాలతో మీరు ఏకీభవించాలని నేను చెప్పడం లేదు. నరసింగరావు దర్శకుడిగా గుర్తున్నాడు కానీ, మనుషులను కూర్చడంలో, ఊరిని సినిమాలోకి తేవడంలో ఆయన చేసిన పని మన వృత్తికి పెద్ద ఉదాహరణ. బాణీలు బతికింది మార్పుతోనే. కాబట్టి కళాకారుడిని పాతది చూపించమని అడగకండి. ఇప్పుడు మీ ఊళ్ళో ఏం జరుగుతోంది, దాన్ని మీ కథలో ఎట్లా చెబుతారు అని అడగండి.

8. పట్నం పట్టాకన్నా ముందు మాచునూరు వెళ్ళండి

హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలు చదువుకోవచ్చు. వీలుంటే చదవండి. కానీ ముందు జహీరాబాద్ దగ్గరి మాచునూరు వెళ్ళి రండి. పాత మెదక్ జిల్లా ఊరు, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల పేద దళిత మహిళా రైతులు 2008 అక్టోబర్ 15 నుంచి అక్కడ ‘సంఘం రేడియో’ నడిపారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను మన దగ్గర నిజం చేసింది వీళ్ళే. అదే సంస్థలో అక్షరం రాని మహిళలు కెమెరా పట్టి సినిమాలు తీశారు. సంక్రాంతి నుంచి మొదలై ఊరూరా ఎడ్ల బండ్లలో విత్తనాలు పెట్టుకుని సాగే పాత పంటల జాతర కూడా వీళ్ళ ఏర్పాటే.

ఆ జాతరలో పాట ఉంది, డప్పు ఉంది, ముగ్గు ఉంది, అలంకరించిన బండ్లున్నాయి. అక్కడ ప్రేక్షకులు, కళాకారులు అని రెండు వరుసలు లేవు. ఏ ఊళ్ళో ఏం మాట్లాడాలో ఆ మహిళలే నిర్ణయించుకున్నారు. ప్రజలను కళలో భాగం చేయడం అంటే ఏమిటో పుస్తకంలో చదివే ముందు ఇక్కడ చూడండి. తర్వాత విశ్వవిద్యాలయానికి వెళ్తే ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

9. గ్రాంటును ఆఖరున పెట్టుకోండి

ఊళ్ళో పది రూపాయల చందా రాని కార్యక్రమానికి ఢిల్లీ నుంచి లక్ష తెచ్చినా అది ఒక్క రోజు వేడుకే. ముందు ఊరి చందా, అది చిన్నదైనా సరే. రసీదు ఇవ్వండి. కార్యక్రమం అయిన వారంలోపు ఖర్చుల కాగితం పంచాయతీ గోడ మీద అంటించండి. డబ్బు ఇచ్చిన మనిషికి ఆట మీద హక్కు వస్తుంది, వచ్చే ఏడు తనే అడుగుతాడు.

తర్వాత కంపెనీల వైపు చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సంప్రదాయ కళలు, చేతివృత్తులు, గ్రంథాలయాలు ఆ జాబితాలో ఉన్నాయి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మనోహరాబాద్, కాళ్లకల్ పరిశ్రమలు మన జిల్లాలోనే ఉన్నాయి. బడులు, నీళ్ల ట్యాంకుల కోసం అడిగేవాళ్ళు చాలామంది. కళల కోసం, పక్కా లెక్కలతో అడిగేవాళ్ళు అరుదు.

ఆ తర్వాతే కేంద్ర పథకాలు. వాటిలో కూడా సంఘానికి కాకుండా మనుషులకు దక్కేవి ముందు చూడండి. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 చొప్పున రెండేళ్ల ఉపకార వేతనం ఉంది. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కేంద్ర సాంస్కృతిక శాఖ కింది సీసీఆర్‌టీ సంస్థ ప్రతిభాన్వేషణ ఉపకార వేతనం ఉంది, ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులోనే ఉంది. మెదక్ నుంచి ఒక పిల్ల ఈ ఉపకార వేతనం తెచ్చుకుంటే మీ సంఘం పేరు ఎక్కడా పడదు. అయినా అది మీ పనే.

10. ఉచితంగా చేయకండి

సేవ అంటూ జీతం అడగకుండా ఉంటే అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోలు తీసుకోకండి. ప్రతి బడ్జెట్‌లో నిర్వాహకుడి కూలి అని ఒక పద్దు రాయండి. ఊరి చందా కార్యక్రమంలో అది చిన్న మొత్తమే కావచ్చు. రాయడం ముఖ్యం.

దీనికి కారణం మీ స్వార్థం కాదు. ఉచితంగా చేసే పని ఇంట్లో పొలమో, జీతమో ఉన్నవాళ్ళే చేయగలరు. అప్పుడు చిందు వాళ్ళ కళకు, డక్కలి వాళ్ళ కళకు, డప్పుకు నిర్వాహకులుగా ఎప్పుడూ పై ఇళ్ల పిల్లలే ఉంటారు. కూలి ఉంటే చిందు ఇంటి బిడ్డ చిందు మేళానికి మేనేజర్ అవుతుంది. తన తాత ఆట గురించి కలెక్టరేట్‌లో తనే మాట్లాడుతుంది. ఈ వృత్తిని నిలబెట్టాలంటే ఆ బిడ్డ దీని మీద ఇల్లు నడుపుకోగలగాలి.

అప్పటిదాకా ట్యూషన్లు చెప్పడమో, బడి ఉద్యోగమో, ఫొటో స్టూడియోనో పక్కన పెట్టుకోండి. అందులో తప్పు లేదు. మెదక్‌లో ఈ పని ఒక్కదాని మీదే మొదటి ఏడు గడవదు. గడుస్తుందని చెప్పి మిమ్మల్ని దింపడం అన్యాయం.

ఈ సలహాలన్నీ ఒకే నమ్మకం నుంచి పుట్టినవి. కళ మనకన్నా ముందే ఈ నేల మీద ఉంది. ఊరికి లేనిది కళ కాదు, దానికి సరైన కూలి, సరైన లెక్క, సరైన వేళ చూసే మనిషి. ఆ మనిషి మీరు కావచ్చు. లెటర్‌ప్యాడ్ కొట్టించే పని పక్కన పెట్టండి. ఈ వారంలోనే మీ వాడకట్టులో, మీ అమ్మమ్మ ఊళ్ళో ఒక వృద్ధ కళాకారుడి ఇంటికి వెళ్ళండి. ఆధార్ కార్డు, పాస్‌బుక్ అడిగి చూడండి. పేర్లు కలవకపోతే కలిపించే పని మొదలుపెట్టండి. మీ వృత్తి జీవితం అక్కడ మొదలవుతుంది.